పురుగు వేరు, నట్ట వేరు

కోసిగి చుట్టుపక్కల ఊళ్లలో వలస అనే మాట ఎవరూ వాడరు. నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో మేం రాసేవాళ్లం గానీ అక్కడివాళ్లకు అది సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. తమ చేనులో ఏమీ పండని ఏడు, పండిన వాళ్ల ఊళ్లకు కూలికి పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. దసరా దాటి చలి మొదలయ్యాక బొచ్చెలూ దుప్పట్లూ మూటగట్టి, గుంటూరు వైపు మిరప చేలకు లారీలెక్కుతారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు. ఈ మధ్య నాలుగు నెలలూ ఊళ్లలో తాళాలే కనిపిస్తాయి. ఎవరినైనా అడిగితే సంతకు పోయారన్నంత మామూలుగా “సుగ్గికి పోయినారు” అంటారు.

నా మేనకోడలు, ఆమె మొగుడు పెళ్లయిన నాటి నుంచి ఏటా సుగ్గికి పోయినవాళ్లే. పిల్లలు లేరు. ఇంట్లో అతని తల్లి ఉంది. రెండు గేదెలు, వాన పడితే పత్తో జొన్నో వేసుకునే కాస్త చేను, పెరట్లో నాటుకోళ్లు. మా అల్లుడు పొడగరి, బలమైనవాడు. అందుకే మిరప కల్లాల్లో అతనికి కాయ కోసే పని చెప్పేవాళ్లు కాదు. ఎండిన మిరపకాయలను గోతాల్లో పోసి, గోతంలోకి దిగి కాళ్లతో తొక్కే పని అతనిది. బరువు బాగా పడాలి, గోతం బిగియాలి. తొక్కుతున్నంతసేపూ ఆ ఎర్ర దుమ్ము మొహానికే లేస్తుంది. గుడ్డ కట్టుకునేవాడు. ఆ గుడ్డ సాయంత్రానికి మిరపపొడి సంచిలా ఉండేదని నా మేనకోడలు నవ్వుతూ చెప్పేది.

ఆ నవ్వు కిందటి సుగ్గితో పోయింది. ఊపిరాడక అతన్ని కల్లంలోంచి మోసుకొచ్చారు. కర్నూలు పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉన్నాడు. నేను కర్నూలులోనే ఉంటాను కాబట్టి రోజూ పోయి కూర్చునేవాణ్ని. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్నూ నా మేనకోడల్నీ పక్కకు పిలిచి, ఈ మనిషి ఇంకోసారి మిరప దుమ్ములో ఒక సీజను గడిపితే మళ్లీ ఇక్కడికి తీసుకురావాల్సిన పని ఉండదని చెప్పారు. మెత్తగానే చెప్పారు. బస్సు ఎక్కాక ఆమె, “ఇంగ సుగ్గి లేదు మామా” అంది.

సుగ్గి లేకపోతే ఏం తినాలి అన్న ప్రశ్న ఆ ఇంట్లో అప్పటి నుంచీ మంచం వేసుకుని కూర్చుంది.

పురుగుల సంగతి ఆ వెతుకులాటలో వచ్చిందే. వ్యవసాయ శిక్షణ అంటూ ఎక్కడో పిలిస్తే అతను పోయాడు. పేడలో ఒక రకం ఈగ పిల్లల్ని పెంచితే అవి పేడను తిని బలుస్తాయని, వాటిని కోళ్లకు వేస్తే దాణా కొనే పని ఉండదని అక్కడి శిక్షకుడు చెప్పాడు. ఆ నల్ల ఈగ పెద్దయ్యాక ఏమీ తినదట, మన అన్నం మీద వాలదట. పిల్లగా ఉన్నప్పుడు తిన్నదే దాని బతుక్కి చాలు. మా అల్లుడికి ఆ మాట బాగా నచ్చింది. తమ దగ్గర లేనిది దాణా, ఉన్నది పేడ. కోళ్లు ఎక్కువ పెంచలేకపోవడానికి మేతే అడ్డం. ఆ అడ్డం తీసేస్తే కోళ్ల మీదే ఇల్లు గడుస్తుందని లెక్క వేసుకున్నాడు.

నందికొట్కూరు దగ్గర ఒక కోళ్ల రైతు వాటిని పెంచుతున్నాడని తెలిసి పోయి, విత్తనానికని ఒక బకెట్టు నిండా తెచ్చుకున్నాడు. మూతికి పాత చీర గుడ్డ కట్టాడు. కర్నూలులో బస్సు మారి ఆదోని మీదుగా పోవాలి. నడుమ ఎక్కడో కండక్టరు ఆ గుడ్డ కింద ఏదో కదులుతోందని ఆగాడు.

“ఏమప్పా ఇది, యాడికి తీస్కపోతాండావు?”

“పురుగులు సార్. ఇంట్లో సాకేదానికి.”

“ఎందుకప్పా, ఇంట్లో మనుషులు లేరా సాకేదానికి?”

బస్సంతా నవ్విందట. అతనూ నవ్వాడు. ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా మధ్యలో దగ్గొచ్చి ఆగేవాడు, మళ్లీ నవ్వుతూ మొదలుపెట్టేవాడు.

ఇంట్లో నవ్వలేదు. మా వైపు ఆడవాళ్లు నోరు తెరిచి తిట్టే తిట్లలో అన్నిటికన్నా చెడ్డది “పురుగులు పడి పోతావు” అన్నది. ఆ తిట్టు నిజంగా తగులుతుందని నమ్మకం. అతని తల్లి బకెట్టులోకి తొంగి చూసి, వసారాలోంచి మంచం తీసుకుపోయి వీధిలో వేసుకుంది. “ఊర్లో అందరికీ ఎవరో ఒకరు తిడితే పడతాయి. నా కొడుకు బకెట్టు మోసుకోని తెచ్చుకున్యాడు” అని పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ చెప్పింది. ఆదివారం యేసు గుడిలో ప్రార్థన అయ్యాక చెట్టు కింద ఆడవాళ్లు నా మేనకోడల్ని వదల్లేదు. మీ ఇంట్లో కోడికూర తినాలంటే ప్రార్థన ఇంకొంచెం పొడుగ్గా చేసుకోవాలి అన్నారట. ఊళ్లో అతనికి పురుగులాయన అని పేరు పడింది. పిలిస్తే పలికేవాడు.

నేను చూడబోయేసరికి పెరట్లో పాత సిమెంటు తొట్లు వరుసగా ఉన్నాయి. పేడలో కాస్త తవుడు కలిపి, ముద్దగా తడిపి పోస్తారు. పైన చూస్తే ఏమీ ఉండదు. చేత్తో కాస్త కదిపితే కింద అంతా కదులుతుంది. చెవి దగ్గరగా పెడితే రేకుల మీద సన్నటి తుంపర పడుతున్న చప్పుడు. వారం తిరిగేసరికి పేడ వాసన పోయి, టీపొడిలా నల్లగా, పొడిగా మిగులుతుంది. బలిసిన పురుగులు ముదురు రంగు తేలి, తొట్టి అంచుకు ఏటవాలుగా పెట్టిన పలక మీద తమంతట తామే ఎక్కి అవతల డబ్బాలో పడతాయి. ఆ పడటం చూడటానికి కోళ్లు పొద్దున్నే వచ్చి డబ్బా చుట్టూ నిలబడేవి. కొన్నిటిని మాత్రం తీసి, పక్కన దోమతెరతో కట్టిన గూడులో వదిలేవాళ్లు. అవి ఈగలై, చెక్కముక్కల సందుల్లో గుడ్లు పెడితే ఆ గుడ్లు మళ్లీ తొట్టిలోకి.

శిక్షకుడు ఒక్క మాట పదే పదే చెప్పి పంపాడట: పేడలో పురుగుమందు పడకూడదు. మొగుడూ పెళ్లాం ఆ మాటను పట్టుకున్నంత గట్టిగా పాస్టరు చెప్పింది కూడా పట్టుకుని ఉండరు. చేనుకు మందు కొట్టే డబ్బాను ఇంట్లోంచి తీసి ఊరవతల అతని అన్న ఇంట్లో పెట్టారు. మందు కొట్టిన పత్తి చేలల్లో గడ్డి కోయడం మానేశారు. దూరం పోయి బీడు గడ్డి కోసుకొచ్చేది ఆమె. తొట్లకు చీమలు పడితే చీమల సుద్ద గీయకుండా, కింద రాళ్లు పెట్టి రాళ్లను నీళ్ల పళ్లేల్లో నిలబెట్టారు. దోమలు కుట్టి చంపుతున్నా దోమల బత్తి వెలిగించలేదు. అతని తల్లి తలలో పేల మందు పెట్టుకుంటే, ఆ చేతులు సబ్బుతో కడిగిందాకా గేదెల దగ్గరికి రానీయలేదు. “నా కోడలు నన్ను అంటరానిదాన్ని చేసినాది” అని ముసలామె నాతో ఫిర్యాదు చేసింది. కానీ మంచం అప్పటికి మళ్లీ వసారాలోకి వచ్చింది.

ఎందుకంటే కోళ్లు కళ్లముందే పెరుగుతున్నాయి. ఈకలకు మెరుపు వచ్చింది. కోడిపిల్లలు చావకుండా నిలబడ్డాయి. కొన్నాళ్లు ఎగతాళి చేసిన ఊరే గుడ్లకు వచ్చింది. ఆదోని నుంచి ఒక సాయిబు మోటారు సైకిలు మీద వచ్చి పుంజుల్ని చూసి పోయాడు, పండగకు తీసుకుంటానన్నాడు. మా అల్లుడి దగ్గు పూర్తిగా పోలేదు గానీ రాత్రులు నిద్ర పడుతోందని నా మేనకోడలు ఫోనులో చెప్పింది. ఆ గొంతులో చాలా కాలం తర్వాత నాకు ఊపిరి వినిపించింది.

ఆ ధీమాతోనే ఆమె మేస్త్రీకి మాట చెప్పేసింది. సుగ్గికి మనుషుల్ని కూడగట్టేది మేస్త్రీ. ఎవరు వస్తారో ఎవరు రారో ముందే చెప్పాలి, గుడారాల లెక్క అతనిది. వాకిట్లో నిలబడి ఆయన మూడు విధాలుగా అడిగాడట. ఆమె మూడు విధాలుగానూ రామనే చెప్పింది. సరే, మీ చోట్లో వేరేవాళ్లను వేసుకుంటానని పోయాడు.

ఆ నెలలోనే ఊళ్లో పశువుల క్యాంపు పెట్టారు. ముందు రోజు టముకు వేయించారు. పొట్టలో నట్టలకు మందు, ఊరికే. ఊరికే ఇచ్చే మందును మా వైపు ఎవరూ వదులుకోరు, పైగా గేదెలు చిక్కి ఉన్నాయి. బడి ముందు స్థలంలో ఊరి పశువులన్నీ చేరాయి. గొర్రెలకూ మేకలకూ నోట్లో పోశారు, ఎద్దులకూ గేదెలకూ సూది వేశారు. మా అల్లుడు అందరికన్నా ముందు తన రెండు గేదెల్నీ తోలుకుపోయి వరసలో నిలబడ్డాడు. ఇంటికి తెచ్చాక నా మేనకోడలు వాటికి వెచ్చటి జొన్న గంజి తాగించింది. ఆ రోజు ఇద్దరూ సంతోషంగా ఉన్నారని ముసలామె తర్వాత నాతో అంది.

మొదట తొట్టిలో చప్పుడు తగ్గింది. తడి చాలలేదేమో అనుకున్నారు, నీళ్లు చల్లారు. తర్వాత తడి ఎక్కువైందేమో అని తవుడు కలిపారు. పలక ఎక్కే పురుగులు తగ్గి, తగ్గి, ఒక పొద్దున ఒక్కటీ లేదు. చేయి పెట్టి కదిపితే పేడ పేడలాగే ఉంది, వాసన వేస్తోంది. పురుగులు చిన్నవి చిన్నవిగానే, ముడుచుకుని, మెత్తగా. గూట్లో ఉన్న ఈగలు గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లు పొదిగాయి కూడా. పుట్టిన పిల్లల్ని కొత్త పేడలో వేస్తే మర్నాటికి కనబడలేదు.

ఎవరో దిష్టి పెట్టారని ముసలామె అంది. తొట్లు కడిగారు, ఎండబెట్టారు, చోటు మార్చారు. ఎవరైనా కక్షతో మందు పోశారేమో అని అతను ఇంటి చుట్టూ వెతికాడు. గుడిలో అడిగి ప్రార్థన చేయించుకున్నారు, ఈసారి ఆడవాళ్లు ఎగతాళి చేయలేదు. పెరట్లో కోళ్లు మాత్రం పొద్దున్నే వచ్చి ఖాళీ డబ్బా చుట్టూ నిలబడేవి. ఇన్ని కోళ్లను పెంచింది పురుగుల మీద భరోసాతోనే. ఇంట్లో తినే జొన్నలు వాటికి పోయడం మొదలైంది.

ఆమె ఫోను చేస్తే నేను వెళ్లాను. వెళ్లి చేయగలిగింది ఏమీ లేదు. పెరట్లో మంచం మీద కూర్చుని, ఆమె శిక్షకుడికి ఫోను కలుపుతుంటే చూశాను. నాకు కూడా వినపడాలని స్పీకరు పెట్టింది. అవతల మనిషి కోస్తా వైపు వాడు, మర్యాదగా మాట్లాడతాడు. ఎండ ఎంత, తడి ఎంత అన్నీ అడిగాడు. పురుగుమందు ఏమైనా పడిందా అని అడిగాడు.

“ఒక్క చుక్క పడలేదు సార్.”

“పశువులకి ఈ మధ్య ఏమైనా వేయించారా అమ్మా?”

“నట్టల సూది ఒకటే సార్, మొన్న క్యాంపులో.”

“అదేనమ్మా. ఆ మందు పేడలో దిగుతుంది. కొన్ని వారాలు ఉంటుంది. దాంట్లో పురుగు బతకదు.”

“అది నట్టలకు వేసింది సార్.”

“నట్ట కూడా పురుగే కదండీ.”

“మాకు కాదు సార్” అంది నా మేనకోడలు. “మాకు పురుగు వేరు, నట్ట వేరు.”

ఆమె వాదించడం లేదు. ఉన్నది చెప్పింది. మా వైపు పురుగు అంటే చేనులోది, కూరగాయల్లోది, కంటికి కనిపించేది. దానికి కొట్టేది పురుగుమందు, అది విషం, తాగితే మనిషి పోతాడు. నట్ట పశువు పొట్టలోది. దానికి వేసేది మందు, అది వైద్యం, దానితో పశువు బాగుపడుతుంది. ఒకటి చంపేది, ఇంకొకటి బతికించేది. రెండిటినీ ఒక్క చోట చేర్చి ఆలోచించే అవసరం మా వాళ్లకు ఎన్నడూ రాలేదు. శిక్షకుడి ఊళ్లో ఆ రెండు మాటలూ ఎంత దూరంలో ఉంటాయో నాకు తెలియదు. ఆయన నొచ్చుకున్నాడు, మీకు తెలుసనుకున్నానమ్మా అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. సూది వేయని పశువుల పేడ దొరికితే మళ్లీ మొదలుపెట్టొచ్చన్నాడు.

మా అల్లుడు అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. ఫోను పెట్టేశాక, “నేనే తోలకపోతి గదా గేదెల్ని. అందరికన్నా ముందర” అన్నాడు. ఆమె, “నేను గంజి తాపితి” అంది. అంతకు మించి ఆ విషయం వాళ్లు ఎన్నడూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఆ మర్నాటి నుంచి మా అల్లుడు సూది వేయని పశువుల పేడ కోసం తిరిగాడు. తమ ఊళ్లో లేదు, క్యాంపు బాగా జరిగింది. పక్క ఊళ్లో అంతకు ముందు వారమే జరిగింది. ఆ పైఊళ్లోనూ అంతే. గంప నెత్తిన పెట్టుకుని, ఆయాసపడుతూ, వాకిలి వాకిలికీ పోయి మీ ఎద్దులకు సూది వేసినారా అని అడిగేవాడు. వేశామని జనం గర్వంగా చెప్పేవాళ్లు, వేయలేదంటే పశువును సరిగ్గా చూసుకోనట్టు. కొందరు వేయకపోయినా వేశామనే చెప్పి ఉంటారని నా అనుమానం. చివరికి ఒక తండాలో, సూదికి బెదిరి తాళ్లు తెంపుకున్న కోడెల జత ఒకటి దొరికింది. ఆ పేడ రోజూ ఒక గంపకు మించి రాదు. నందికొట్కూరు నుంచి మళ్లీ కాసిని పురుగులు తెచ్చి దాంట్లో వేశాడు. అవి బతికాయి. ఒక తొట్టిలో, అడుగున, కాసిని. పెరటినిండా ఉన్న కోళ్లకు అవి ఒక పూట ముక్కులు తడవడానికి కూడా చాలవు.

కోళ్లు ఆగలేదు. మేత చాలక గుడ్లు మానేశాయి. ఒకదాని ఈకలు ఒకటి పీక్కున్నాయి. ఆ నీరసంలోనే తెగులు తగిలి పిల్లలన్నీ పోయాయి. మిగిలినవాటిని ఆదోని సాయిబు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి, ఇట్లాంటివి పండగకు ఎవరికి అమ్మాలమ్మా అని బాధపడుతూనే, మీ మొహం చూసి తీసుకుంటున్నానని తట్టల్లో వేసుకుపోయాడు. ఇంట్లో జొన్నలు కూడా అప్పటికి అడుగంటాయి.

ఊళ్లో తాళాలు పడటం మొదలైంది. నా మేనకోడలు మేస్త్రీ ఇంటికి తానే పోయింది. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, ఒక్కరికి చోటుందన్నాడు. ఒక్కరంటే ఆమె. మొగుణ్ని తల్లి దగ్గర వదిలి పోతానని, ఆ తండా పేడతో ఉన్న ఒక్క తొట్టినీ అతను కాపాడుకుంటే గేదెల ఒంట్లో మందు తగ్గాక మళ్లీ మొదలుపెట్టొచ్చని నాతో అంది. పెళ్లయ్యాక మొగుడు లేకుండా సుగ్గికి పోయిన ఆడది ఆ ఇంట్లో లేదు. అయినా పోతానంది. అతను ఊఁ అన్నాడు. తేల్చుకున్నారనే నేననుకున్నాను.

బయలుదేరే పొద్దున, పంపిద్దామని నేను పోయేసరికి లారీ గుడి ముందు ఆగి ఉంది. గోతాలు, బొచ్చెలు, చిన్న పిల్లలు, ఒకరి మీద ఒకరు. నా మేనకోడలు ఎక్కి ఒక మూలకు సర్దుకుని కూర్చుంది. అప్పుడు అతను చంకలో దుప్పటి మూట పెట్టుకుని వచ్చాడు. మెడలో తుండుగుడ్డ. వెనక తల్లి ఏడుస్తూ వస్తోంది. పేడ గంప ఎవరు మోస్తారని నేను అడగలేదు.

“కల్లంలోకి పోను మామా” అన్నాడు నాతో, నేను అడగకముందే. “గుడారంలో వంట చేస్తా. దీన్ని ఒంటిగా పంపించలేను.”

గుడారాలు వేసేది కల్లం అంచునే అని నాకు తెలుసు, అతనికీ తెలుసు. వంట పొయ్యిలో పెట్టేది మిరప కట్టే. ఎక్కొద్దని చెప్పడానికి నేను నోరు తెరిచాను గానీ చెప్పాల్సింది నేను కాదు. నా మేనకోడలి వైపు చూశాను. ఆమె అతని మొహం కాసేపు చూసింది. తర్వాత పక్కకు జరిగి చోటిచ్చింది.

మేస్త్రీ మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు. ఒకరు ఎక్కువ వచ్చారని గొణిగాడు, అయినా దింపలేదు.

నేను వారానికొకసారి ఫోను చేస్తాను. మొదట్లో అతనే ఎత్తేవాడు. వంట బాగానే వచ్చిందని, ఉప్పు ఎక్కువైతే మేస్త్రీ భార్య తిడుతోందని చెప్పి నవ్వేవాడు, నవ్వు మధ్యలో ఆగేది. తర్వాత ఆమె ఎత్తడం మొదలుపెట్టింది. మొన్న మధ్యాహ్నం చేసినప్పుడు, ఆయన ఏడీ అని అడిగాను.

“నిద్రపోతాండాడు మామా” అంది.

ఆ వేళకు కూలీలంతా చేనులో ఉంటారు. ఈమె గుడారంలో ఉంది.

“దగ్గు ఎట్లుండాది?”

“ఇప్పుడు దగ్గడం లేదులే” అంది. “దగ్గేదానికి శానా ఊపిరి కావాల గదా.”

కర్నూలుకు తీసుకురమ్మన్నాను, నేను వస్తానన్నాను. సుగ్గి నడుమ వదిలి వస్తే మేస్త్రీ ఊరుకోడంది. ఆయనే రానంటున్నాడంది. ఆ తర్వాత ఏదో చెప్పబోయి, ఎవరో పిలిచినట్టుంది, ఉండు మామా అని ఫోను కింద పెట్టింది. లైను కట్ చేయలేదు. చాలాసేపు పట్టుకునే ఉన్నాను.